కాథలీన్ విన్ ఎందుకు ఓడిపోయింది?

మా అమ్మాయి టొరంటోలో ఉంటుంది. 2015 మే నెలలో దాని పురిటికి సాయంగా వెళ్ళి అక్కడే ఉన్నాను. సాయంత్రాలు పార్కులో కూచుంటే మన తెలుగువాళ్ళు, పంజాబీలు, పాకిస్తానీ ఆడవాళ్ళు, అందరి నోటా ఒకటే మాట. "ఆ ప్రీమియరమ్మ మన పిల్లల్ని చెడగొడుతోంది!"

ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి. ఆవిడ పేరు కాథలీన్ విన్. ఒక స్త్రీని పెళ్ళాడిన స్త్రీ. బళ్ళలో లైంగిక విద్య పాఠాలు మార్చింది. ఒకటో తరగతిలోనే శరీర భాగాల పేర్లు చెప్పడం, ఒంటిమీద చెయ్యి వేస్తే 'వద్దు' అనడం నేర్పడం, ఇద్దరు అమ్మలున్న ఇళ్ళు కూడా ఉంటాయని మూడో తరగతిలో చెప్పడం... ఇదీ గొడవ. ఆమె సొంత నియోజకవర్గంలోని థార్న్‌క్లిఫ్ పార్క్ పేటలో, దక్షిణాసియా కుటుంబాలు ఎక్కువగా ఉండే చోట, ఒక్క బడిలోనే వందలమంది పిల్లల్ని ఇళ్ళలో ఆపేశారు.

నిజం చెప్పొద్దూ, నేనూ తల ఊపాను. ఇంటికొచ్చి, "పసిపిల్లలకి ఒళ్ళు గురించి పాఠాలేమిటే, చోద్యం కాకపోతే!" అన్నాను. పాపకి పాలిస్తున్న మా అమ్మాయి తలెత్తకుండానే, "నీకు అన్నీ చెప్పే పెళ్ళి చేశారా అమ్మా?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి నుంచే ఆవిడ గురించి చదవడం మొదలుపెట్టాను.

విన్ 1953లో పుట్టింది. భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేసింది. పెళ్ళయి, ముగ్గురు పిల్లల తల్లయ్యాక, ముప్ఫయ్యేడేళ్ళ వయసులో తన మనసేమిటో తను ఒప్పుకుంది. కాలేజీ నాటి స్నేహితురాలు జేన్ రౌంత్‌వెయిట్‌తో జీవితం మొదలుపెట్టింది. మన దగ్గరైతే ఆ పిల్లల తండ్రి ఏం చేసేవాడో ఊహించుకోండి. అక్కడ పిల్లల్ని ముగ్గురూ కలిసే పెంచారట.

1994లో బడి బోర్డు ఎన్నికల్లో నిలబడితే ఆమె వ్యక్తిగత జీవితాన్నే ఎత్తిచూపి ప్రచారం చేశారు. ఓడిపోయింది. అదే ఏడు జూన్‌లో స్వలింగ జంటలకు హక్కులిచ్చే బిల్లు ఒంటారియో శాసనసభలో 68 - 59 ఓట్ల తేడాతో వీగిపోయింది. ఇప్పుడు కెనడాని చూసి 'వాళ్ళకేం, ముందునుంచీ అంతే' అనుకుంటాం గానీ, అక్కడా కొట్లాడే తెచ్చుకున్నారు. 2000లో బోర్డుకి గెలిచింది. 2003లో శాసనసభకి వచ్చింది. ఆ ఏడాదే కోర్టు తీర్పుతో ఒంటారియోలో స్వలింగ వివాహం చట్టబద్ధమైంది. 2005లో ఆమె, జేన్ చర్చిలో పెళ్ళి చేసుకున్నారు. 2006లో విద్యామంత్రి. మరుసటేడు ప్రతిపక్ష నాయకుణ్ణే తన నియోజకవర్గంలో ఓడించింది.

2013 జనవరిలో లిబరల్ పార్టీ నాయకత్వ ఎన్నిక. ఒంటారియో ఇలాంటి మనిషిని ప్రీమియర్‌గా ఒప్పుకుంటుందా అని లోపల్లోపల అందరూ గొణుక్కుంటున్న ప్రశ్నని ఆమే వేదికెక్కి పైకి అడిగేసింది. జనం నాయకుల్ని జాతినో, మతాన్నో, ఎవర్ని ప్రేమిస్తారన్నదాన్నో బట్టి తూకం వెయ్యరని తన నమ్మకమంది. గెలిచింది. ఒంటారియోకి మొదటి మహిళా ప్రీమియర్. అలాంటి సంగతి దాచుకోకుండా ప్రీమియర్ అయినవాళ్ళలో కెనడా మొత్తానికే మొదటి మనిషి.

అయితే ఆ కుర్చీ ఏ సమయంలో చేతికొచ్చిందో చూడండి. విద్యుత్ కేంద్రాల రద్దు వ్యవహారంలో ఖజానాకి దాదాపు వంద కోట్ల డాలర్ల నష్టం, అంతకు ముందాయన రాజీనామా. ఇల్లు చక్కగా ఉన్నప్పుడు పెత్తనం మగవాళ్ళది, అప్పులవాళ్ళు గుమ్మంలోకొచ్చినప్పుడు 'నువ్వు చూడమ్మా' అంటారు. అప్పట్లో కెనడాలోని 13 ప్రభుత్వాల్లో ఆరింటికి ఆడవాళ్ళే పెద్దలు. 2014 ఏప్రిల్ కల్లా నలుగురు దిగిపోయారు.

విన్ మాత్రం ఆ జూన్‌లో 107లో 58 స్థానాలు తెచ్చుకుంది. అంటే ఆమె ఎవరో తెలిసే జనం ఓటేశారు. ఆ తర్వాత ప్రభుత్వ విద్యుత్ సంస్థ హైడ్రో వన్ వాటాల్ని అమ్మకానికి పెట్టింది. కరెంటు బిల్లులు పెరిగాయి. మా అల్లుడుగారు బిల్లు వచ్చినప్పుడల్లా గోడకి తగిలించి మరీ తిట్టేవారు! 2018 జనవరిలో కనీస వేతనం గంటకి 14 డాలర్లు చేసినా, పాతికేళ్ళ లోపు వాళ్ళకి మందులు ఉచితమన్నా జనం మెత్తబడలేదు. 2018 జూన్‌లో పార్టీకి 124లో వచ్చినవి ఏడు. గుర్తింపు ఉన్న పార్టీగా నిలవడానికి అప్పట్లో ఎనిమిది కావలసి ఉండేది. తను మాత్రం 181 ఓట్లతో బయటపడింది.

ఆడది, పైగా అలాంటిది కాబట్టే ఓడించారని కొందరంటారు. నేనట్లా అనను. పదిహేనేళ్ళ పాలన మీద విసుగు, కరెంటు బిల్లు, ఈ రెండూ చాలు ఏ ప్రభుత్వమైనా పడిపోవడానికి. కానీ అదే తప్పు చేసిన మగ నాయకుడి బిల్లుని తిడతారు, ఈమె విషయంలో బిల్లుతో మొదలుపెట్టి పడగ్గది దాకా వెళ్ళారు. ఆ తేడా నేను పార్కులో నా చెవులతో విన్నాను. తర్వాత వచ్చిన డగ్ ఫోర్డ్ ప్రభుత్వం ఆ పాఠాల్ని 2018లోనే తీసేసింది. మరుసటేడు చాలామటుకు అవే మళ్ళీ పెట్టింది! ఈసారి పార్కులో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదని మా అమ్మాయి చెప్పింది.

2016లో ఆమె వ్యాపార బృందంతో మన దేశం వచ్చింది, హైదరాబాదు కూడా. అమృత్‌సర్ స్వర్ణ దేవాలయానికి వెళ్ళేముందు, స్వలింగ వివాహాన్ని సమర్థించే ఆమెకి సిరోపా ఇచ్చి గౌరవించడం గురించి పెద్ద వివాదమే నడిచింది. అప్పటికి మన 377 సెక్షన్ ఇంకా బతికే ఉంది. ఆ సెక్షన్ పరిధిలోంచి పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధాల్ని సుప్రీంకోర్టు తప్పించింది 2018 సెప్టెంబర్ 6న, ఆవిడ ఓడిన మూడు నెలలకి. పెళ్ళి హక్కుకి మాత్రం 2023 అక్టోబర్‌లో కుదరదంది.

ఆ పురిటి పాప మొన్న సెలవుల్లో మా ఇంటికొచ్చింది. పక్కింటావిడ వరసకి మనవడట, బుగ్గ గిల్లబోయాడు. "నాకు ఇష్టం లేదు" అని చెయ్యి పక్కకి నెట్టేసింది. ఆవిడ నా వంక చూసింది, కోప్పడతానని కాబోలు. నేను కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళాను.