గాలాడని గదిలో ప్రాణాయామమా?

మే నెల. అనంతపురం పట్టణంలో ఒక యోగా స్టూడియో, మూడో అంతస్తు. సాయంత్రం క్లాసులో ఇరవై ఇద్దరం ఉన్నాం. ఒక గోడ నిండా అద్దం, ఇంకో గోడ నిండా గాజు. కింద చెక్కలా కనిపించే లామినేట్ పలకలు, పైన సీలింగులో దాచిన దీపాలు. అనులోమ విలోమం మొదలుపెట్టిన కాసేపటికి కరెంటు పోయింది. ఏసీ ఆగిన పది నిమిషాలకే వీపు మీద చెమట ధార కట్టింది. ఎవరో లేచి కిటికీ తీయబోయారు. తెరుచుకునే రెక్క ఒక్కటీ లేదు, గాజంతా బిగించేసిందే. వాలుతున్న పడమటి పొద్దు నేరుగా దాని మీదే పడుతోంది. నా పక్కనున్న పెద్దావిడకు కళ్లు తిరిగాయి. ఇద్దరం చెరో రెక్క పట్టుకొని మెట్ల మీదుగా కిందికి దించాం. వీధిలో కానుగచెట్టు కింద సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టాకే ఆవిడ నిండుగా ఊపిరి తీసుకుంది.

ఊపిరి తీయడం నేర్పే చోటు నుంచి ఊపిరి కోసం బయటికి పరుగెత్తాల్సి వచ్చింది. కరెంటు పోవడం మనకు కొత్త కాదు. కరెంటు పోతే మనిషి నిలవలేని గదిని యోగశాల అని పిలవడమే కొత్త.

పూర్వపక్షాన్ని ముందు న్యాయంగా చెప్పుకుందాం. మంచి యోగా స్టూడియో అంటే నాలుగువైపులా మూసిన గది అన్నది ఇవాళ మన పట్టణాల్లో పాతుకుపోయిన అభిప్రాయం. ఎండ, దుమ్ము, చప్పుడు లోపలికి రాకూడదు. ఏసీ ఏడాది పొడవునా ఒకే చల్లదనం ఇవ్వాలి. భంగిమ సరిచూసుకోవడానికి నిలువెత్తు అద్దాలుండాలి. నేల మోకాళ్లకు నొప్పి తగలనీయకూడదు. ఆడవాళ్లకు చాటు కావాలి. అనంతపురంలాంటి ఎండ ఊరికి ఇవన్నీ మరీ అవసరం అంటారు. ఈ మాటల వెనకున్న అవసరాలు నిజమైనవే. చల్లదనం, శుభ్రత, చాటు, సరైన భంగిమ అక్కర్లేదని ఎవరంటారు? వాటికి ఏసీ గాజుగది తప్ప దారి లేదనడాన్నే నేను ఖండిస్తున్నాను.

మొదట ఎండ సంగతి. అనంతపురం పడమటి కనుమల వాననీడలో ఉన్న పీఠభూమి. ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అయితే ఇది పొడి ఎండ. సముద్రతీరపు మచిలీపట్నంలో చెట్టు కింద నిలబడ్డా చెమట ఆరదు. ఇక్కడ నీడలోకి అడుగు పెడితే చాలు, ప్రాణం కుదుటపడుతుంది. పొద్దుగూకాక నేల తొందరగా వేడిని వదిలేస్తుంది, తెల్లవారుజాముకు గాలి చల్లబడుతుంది. ఇలాంటి చోట చల్లదనం కావాలంటే రెండే సూత్రాలు: పగటి వేడిని గోడలోనే ఆపాలి, రాత్రి చల్లగాలిని లోపలికి రానివ్వాలి. గాజుగది ఈ రెండింటికీ అడ్డం పడుతుంది. గాజు ఎండను లోపలికి పంపి, వేడిని బయటికి పోనివ్వదు. బిగించిన కిటికీ రాత్రి గాలిని రానివ్వదు. గది తానుగా తెచ్చుకున్న వేడిని తోడిపోయడానికే ఏసీ పగలంతా తిరగాలి.

మన పెద్దలు ఈ సూత్రాలను మట్టిమిద్దెలో కట్టి చూపించారు. అడుగున్నర, రెండడుగుల మందాన రాతిగోడ. పైన దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలో బండలో పరిచి, ఆపైన చౌడుమట్టి. వానకాలానికి ముందు ఇంటిల్లిపాదీ మిద్దెక్కి కొత్త చౌడు పోసేవాళ్లు. నడిమింట్లో కప్పుకు గవాక్షి ఉండేది. దానిగుండా వెలుతురు దిగేది, వేడి పైకి పోయేది. వానొస్తే పైన బండ మూసేవాళ్లు. పగలు తాకిన ఎండ ఆ గోడ దాటి లోపలికి వచ్చేసరికి పొద్దు గూకేది. నడివేసవి మధ్యాహ్నం ఆ మిద్దెలోకి వంగి అడుగుపెట్టినప్పుడు అరికాలి నుంచి పైకి పాకే చల్లదనం రాయలసీమలో పెరిగిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. స్టూడియోలో జరిగిందంతా చెబితే మా మేనత్త ఒక్కమాటే అడిగింది: “గాలాడని ఇంట్లో కూసోని గాలి పీల్చేది యాడ నేర్చుకుంటారప్పా?”

ఆమె అడిగినది చదువుకున్నవాళ్లు పట్టించుకోవలసిన ప్రశ్న. మన స్టూడియోల్లో పెట్టే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. బయటి గాలిలో పది లక్షల పాళ్లకు కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పాళ్లు ఉంటుంది. మూసిన గదిలో ఇరవై మంది దీర్ఘంగా శ్వాస తీసి వదులుతుంటే అది వెయ్యి దాటడానికి ఎంతోసేపు పట్టదు. తల బరువెక్కడం, మగతగా అనిపించడం అక్కడినుంచే మొదలు కావచ్చు. అలా మత్తు కమ్మడాన్ని ధ్యానం కుదిరిందనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

“శాస్త్రంలోనే మూసిన గది చెప్పారు కదా?” అని కొందరు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. 15వ శతాబ్దం నాటిదని పండితులు చెప్పే హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు యోగికి చిన్న కుటీరం చెప్పాడు. చిన్న వాకిలి, కిటికీలూ కన్నాలూ లేని గోడలు, మరీ ఎత్తూ మరీ పల్లమూ కాని నేల, ఆవుపేడతో అలికిన శుభ్రత. అయితే ఆ వర్ణన అంతటితో ఆగదు. బయట మండపం, అరుగు, బావి, చుట్టూ ప్రాకారం ఉండాలన్నాడు. అది ఏకాంతంలో సాధన చేసే ఒక్క మనిషి కోసం చెప్పిన కుటీరం. ఇరవై ముప్ఫై మంది ఒకేసారి ఆసనాలు వేసే శాలకు దాన్ని సాక్ష్యంగా తేవడం కుదరదు. అసలు ఆయన ఆ కుటీరం కట్టమన్నదే సుభిక్షమైన దేశంలో. కరువు సీమలో కట్టేవాడు నీళ్లనూ నీడనూ ముందుగా లెక్క చూసుకోవాలి. శ్వేతాశ్వతరోపనిషత్తు అడిగిందీ పెద్ద సంపద కాదు: చదునైన శుభ్రమైన నేల, గులకరాళ్లూ నిప్పూ లేని చోటు, ఈదురుగాలి తగలని చాటు, కంటికి ఇబ్బంది కలిగించని పరిసరం. ఈ గ్రంథాల్లో ఎక్కడా అద్దం లేదు.

అద్దాల గోడ మనకు బ్యాలే శాలల నుంచి, జిమ్‌ల నుంచి వచ్చింది. ప్రేక్షకుడికి ఎలా కనిపిస్తున్నామో చూసుకోవడం నాట్యానికి అవసరం. యోగాసనానికి ప్రేక్షకుడు లేడు. వెన్ను ఎక్కడ బిగిసింది, బరువు ఏ మడమ మీద పడింది, శ్వాస ఎక్కడ ఆగింది అన్నవి లోపలినుంచి తెలుసుకోవాలి. అద్దం ముందు నిలబడ్డవాడి చూపు ముందు తన పొట్ట మీదికి, తర్వాత పక్కవాడి నడుం మీదికి పోతుంది. భంగిమ దిద్దాల్సింది గురువు కన్ను, గురువు చెయ్యి. 1975లో పుణెలో మొదలైన బి.కె.ఎస్. అయ్యంగార్ సంస్థను చూడండి. భంగిమ కచ్చితత్వానికి ప్రపంచమంతా పేరున్న ఆ పద్ధతిలో గోడకు కట్టిన తాళ్లు, కుర్చీలు, పట్టీలు, దుప్పట్లు సాధకుడికి ఆసరా. ఒంటికి తగిలే ఆసరా నేర్పినంతగా అద్దంలోని బొమ్మ నేర్పలేదు.

ఇక నేల. ఆ లామినేట్ పలక కింద దాదాపు ప్రతి భవనంలోనూ ఉండేది రాయో టైలో. దాన్ని కప్పి, పైన ప్లాస్టిక్ చాప పరుస్తున్నాం. తాడిపత్రి బండ మన ఇంటి పక్కనే దొరుకుతుంది. చల్లగా ఉంటుంది, తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే దుమ్ము పోతుంది, తరాల తరబడి అరగదు. పాలిష్ పట్టించకుండా కొంచెం గరుకుగా వదిలేస్తే కాలు జారదు. మోకాలికి గట్టిగా తగులుతుందన్న మాట నిజమే. దానికి మందు కూడా ఈ సీమలోనే ఉంది. భగవద్గీత ఆరో అధ్యాయం ఆసనానికి దర్భ, చర్మం, వస్త్రం ఒకదాని మీద ఒకటి పరచమంటుంది. మన దగ్గర దర్భ స్థానంలో ఈతచాప, చర్మం స్థానంలో కురుబలు నేసే గొర్రెబొచ్చు కంబళి, ఆపైన ఉతికిన నూలుబట్ట. కంబళి మందం మోకాలిని కాస్తుంది, రాతి చలిని ఆపుతుంది. మగ్గం మీద కంబళి నేసే చేతులకు నాలుగు రూకలు కూడా దక్కుతాయి.

ఇప్పుడు సిద్ధాంతం. అనంతపురంలో ఇరవై మందికి యోగశాల కట్టాలంటే నేనైతే ఇలా కడతాను. చేతులు చాచి పడుకోవడానికి మనిషికి నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. గురువుకూ నడకదారికీ కలిపి 20 అడుగులు, 40 అడుగుల శాల సరిపోతుంది. దాని పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు ఎండ ఎక్కువగా కొట్టే రెండు దిక్కుల్లో గోడ తక్కువగా ఉంటుంది. పడమటి గోడ రెండడుగుల రాతిగోడ, దానికి కిటికీ వద్దు. మధ్యాహ్నపు ఎండకూ, ఆషాఢంలో నైరుతి నుంచి దుమ్ము లేపుకొచ్చే గాలికీ అదే అడ్డు. ఆ గాలి బలం ఎంతో తెలియాలంటే రామగిరి కొండల మీది గాలిమరలను చూస్తే చాలు. గోడ అవతల రెండు వరసల వేప, కానుగ. రెండూ తక్కువ నీటితో బతికే చెట్లు. బోర్లు ఎండే జిల్లాలో యోగశాల ముందు పచ్చగడ్డి లాను పెంచడం తగని పని. ప్రకృతికి దగ్గరగా ఉన్నామని చెప్పుకుంటూ ప్రకృతి ఇచ్చిన నీటిని పారబోయడమే అది.

ఉత్తరాన స్తంభాల వసారా కావాలి. ఉత్తరపు ఎండ మనకు తగలదనుకుంటారు చాలామంది. అనంతపురం దాదాపు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా నడిమధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి వసారా లోతు ఎనిమిదడుగులకు తగ్గకూడదు. దక్షిణాన లోతైన చూరు, దాని కింద తెరిచి మూయగల చెక్క రెక్కల కిటికీలు. కప్పు పన్నెండడుగుల ఎత్తున, దాని కిందే గోడ పొడుగునా వేడిగాలి పోయే గూళ్లు. కప్పు పైన తెల్లసున్నం. సున్నం పాతకాలపు చాదస్తం అనుకునేవాళ్లు తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చిందని గుర్తుంచుకోవాలి. ఎండను వెనక్కి తిప్పికొట్టే కప్పు కావాలని మన అవ్వాతాతలు ఎప్పుడో తేల్చుకున్నారు. లోపల నాలుగు పంకాలు చాలు. కరెంటు పోతే గాలి కాస్త తగ్గుతుంది, మనుషులకేమీ కాదు.

గోడలకన్నా ముందు కుదుర్చుకోవాల్సింది వేళ. మిట్టమధ్యాహ్నం క్లాసులు పెట్టి, ఆ ఎండను గెలవడానికి గది కడుతున్నాం. మన సీమ రైతు ఎండాకాలం దుక్కికి తెల్లవారుజామునే కాడి కడతాడు. నాలుగున్నరకు ఊరు చల్లగా ఉంటుంది. ఆ వేళకు తెరుచుకునే శాలకు యంత్రాల చల్లదనంతో పనే లేదు.

ఈ వాదానికి ఎదురయ్యే బలమైన ఆక్షేపణ ఆడవాళ్ల చాటు. తెరిచిన మండపంలో వేరుసెనగ చేలో కలుపుతీసే కూలామె, డిగ్రీ చదివే పిల్ల నలుగురి కళ్ల ముందు ఆసనం వేయగలరా? వేయలేరు, వేయమనడం అన్యాయం. ఆ చాటు కోసం గాజుగది అక్కర్లేదు. శాల చుట్టూ ఆరడుగుల ప్రహరీ, వాకిలికి ఎదురుగా చూపు ఆపే అడ్డుగోడ, వసారా స్తంభాల మధ్య వెదురు తడికెలు పెడితే సరిపోతుంది. పాత తొట్టికట్టు ఇళ్లలో నడిమి ముంగిలి ఇదే పని చేసేది. ఆకాశం కనిపించేది, వీధి కనిపించేది కాదు. వేళల్లో ఒకటి పూర్తిగా ఆడవాళ్లకే ఇవ్వాలి. వాకిలికి ఒక్క మెట్టు కూడా లేకుండా వాలుదారి ఉండాలి. యోగా అవసరం అందరికన్నా ఎక్కువగా ఉన్నవాళ్లు మోకాళ్లు అరిగిన ఈ కూలి ఆడవాళ్లే. మూడో అంతస్తు స్టూడియో తన మెట్లతో, ఫీజుతో, అద్దాలతో వాళ్లను వాకిట్లోనే ఆపేస్తోంది. ఎవరికి కావాలో వాళ్లు రాలేని శాల ఎంత అందంగా ఉన్నా ఆదర్శం కానేకాదు.

2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, విశాఖలో ఆర్కే బీచ్ నుంచి తీరం వెంట సుమారు మూడు లక్షల మంది రోడ్డు మీద చాపలు పరుచుకొని యోగాసనాలు వేశారు. ఒక్కరోజు సంబరంలో కప్పు లేకుండా, అద్దం లేకుండా వేయగలిగిన ఆసనం, మిగతా 364 రోజులూ ఏసీ లేకపోతే కుదరదని ఎందుకు నమ్మాలి? ఆ రోజు కోసం పెట్టే శ్రద్ధలో కొంత మన పల్లెల చావిళ్ల మీద పెట్టాలి. రాయలసీమలో చాలా ఊళ్లకు ఇప్పటికీ రాతిస్తంభాల చావిడి ఉంది. కప్పు ఒకపక్క కుంగి, బండలు లేచి, సాయంత్రాలు పేకాటకు మిగిలింది. కప్పు సరిచేసి, బండలు మళ్లీ పరిచి, సున్నం కొట్టి, తడికెలు కట్టి, ఒక నీళ్లకుండ పెడితే ఆ ఊరికి యోగశాల వచ్చినట్టే. కదిరి దగ్గర కటారుపల్లెలో వేమన సమాధి ఉందని తరతరాలుగా నమ్మే సీమ ఇది. బయటి ఆడంబరాన్ని జీవితమంతా నిలదీసిన యోగి మనవాడు. ఆయన నేలమీద యోగానికి ఇంతకన్నా తగిన ఇల్లు ఏముంటుంది?

కొత్తగా యోగశాల పెట్టబోయేవాళ్లకు నా విన్నపం ఒకటే. డిజైనరుకు ఫోను చేయకముందు, మీరు ఎంచుకున్న జాగాకు మే నెలలో రెండుసార్లు వెళ్లండి. ఒకసారి తెల్లవారుజామున నాలుగున్నరకు, ఇంకోసారి మధ్యాహ్నం మూడింటికి. రెండుసార్లూ చాప పరుచుకొని కళ్లు మూసుకుని పావుగంట కూర్చోండి. గాలి ఏ చెంపకు తగిలిందో చూడండి. నీడ ఎక్కడ పడిందో కొలవండి. ఆ కొలతల మీద గోడ లేపండి. ఆ శాలలో కరెంటు పోయినా, పక్కన కూర్చున్న పెద్దావిడను ఎవరూ మెట్లు దించనక్కర్లేదు.