చివరి ముక్క

తద్దినం పిల్లి కథ మీకు తెలిసే ఉంటుంది. ఒకాయన తండ్రికి తద్దినం పెడుతుంటే ఇంట్లో పిల్లి ఒకటే అడ్డం తిరుగుతోందట. విసుగొచ్చి దాన్ని గంప కింద మూసిపెట్టాడు. కొన్నేళ్లకి ఆయనా పోయాడు. కొడుకు తద్దినానికి అంతా సిద్ధం చేసుకుని, ఊరంతా గాలించి ఓ పిల్లిని పట్టుకొచ్చి గంప కింద పెట్టాడు. ‘మా నాన్న ఇలాగే చేసేవాడు’ అన్నాడట!

అమెరికా వాళ్లకీ ఇలాంటి కథే ఉంది. కాకపోతే అది వంటింటి కథ. కొత్త కోడలు పండక్కి హామ్ వండుతూ ఓ కొస కోసి తీసేసిందట. ‘ఎందుకలా?’ అన్నాడు మొగుడు. ‘మా అమ్మ అలాగే చేస్తుంది’ అందామె. అమ్మనడిగితే ‘మా అమ్మ అలాగే చేసేది’ అంది. చివరికి అమ్మమ్మనే అడిగారు. ‘నా గిన్నె చిన్నది. అంత మాంసం దాంట్లో పట్టేది కాదు’ అందట ఆవిడ.

ఈ రెండు కథలనూ నేను ఒకే రోజు, ఒకే వంటింట్లో విన్నాను. అందరం పగలబడి నవ్వుకున్నాం. రాత్రి భోజనాల వేళకి ఆ నవ్వు మాకే ఎదురు తిరిగింది.

మా అన్నయ్య ఉండేది ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో. వదిన అక్కడమ్మాయే. మూడేళ్ల క్రితం డిసెంబరులో ఓ మూడు వారాలు సెలవు పెట్టి, అమ్మని తీసుకుని వెళ్లాను. ఆ ఏడాది మార్చిలోనే వదిన వాళ్లమ్మ పోయింది. క్రిస్మస్ భోజనం ఎప్పుడూ ఆవిడ చేతి మీదుగానే జరిగేది. ఈసారి వదిన వంతు. వాళ్ల నాన్న, తమ్ముడి కుటుంబం, మేము... మొత్తం పదకొండు మందికి వండాలి. మధ్యలో ఉండాల్సిన వంటకం హామ్. వదిన జన్మలో దాన్ని వండలేదు.

హామ్ అంటే పంది వెనక తొడ. మా ఇంట్లో కోడి, మేక, చేప అన్నీ నడుస్తాయి. పంది మాత్రం గడప తొక్కలేదు. సంగతి తెలియగానే అమ్మ తేల్చి చెప్పేసింది. ‘నేను ఆ రోజు పైగదిలో కూర్చుంటాను. ఇంత పెరుగన్నం పైకి పంపించండి, చాలు’ అని. అన్నయ్య మొహం చిన్నబోయింది. వదినకి తెలుగు రాకపోయినా మొహాలు చదవడం వచ్చు. ఏమీ అనలేదు.

అసలు సిన్సినాటిలో ఉంటూ పందిని తప్పించుకోవడం కష్టమేనండీ. పందొమ్మిదో శతాబ్దంలో ఆ ఊరు పంది మాంసం వ్యాపారానికి రాజధాని. ‘పోర్కోపోలిస్’ అని పేరే పెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే పందుల పట్నం! ఆ పేరుకి వాళ్లేం సిగ్గుపడరు. 1988లో ఒహాయో నది ఒడ్డున పార్కు కట్టినప్పుడు స్తంభాల మీద రెక్కల పందుల విగ్రహాలు నిలబెట్టారు. 1999 నుంచి ఆ ఊరి మారథాన్ పేరే ‘ఫ్లయింగ్ పిగ్’.

పండక్కి హామే ఎందుకంటే దానికీ ఓ లెక్కుంది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో రైతులు చలి ముదిరాకే పందుల్ని కోసేవారు. ఎండాకాలం కోస్తే మాంసం నిలవదు కదా. వెనక తొడల్ని ఉప్పులో ఊరేసి, పొగ పట్టించి దాచుకునేవారు. మనం వేసవిలో ఆవకాయ పెట్టుకున్నట్టే వాళ్లది చలికాలపు నిల్వ. అలా చలికాలం పండగకీ, వసంతంలో వచ్చే ఈస్టర్‌కీ కూడా హామే పెద్ద వంట అయింది. వర్జీనియాలోని స్మిత్‌ఫీల్డ్ ఊరి హామ్‌కి ఎంత పేరంటే, ఏది ‘స్మిత్‌ఫీల్డ్ హామ్’ అనిపించుకోవాలో నిర్ణయిస్తూ 1926లో ఆ రాష్ట్రం ఏకంగా చట్టమే చేసింది.

ఇప్పుడంత శ్రమ లేదు. ఉప్పునీళ్లలో ఊరబెట్టి, పొగబెట్టి, ఉడికించేసిన హామ్ దుకాణాల్లో దొరుకుతుంది. ఊరబెట్టే నీళ్లలో కలిపే నైట్రైట్ వల్లే ఉడికాక కూడా గులాబీ రంగులో ఉంటుంది. ఎముక చుట్టూ సన్నని పొరలుగా ముందే కోసిచ్చేవీ ఉన్నాయి. అలా చుట్టూ తిరుగుతూ కోసే యంత్రానికి హ్యారీ హోన్సెలార్ అనే ఆయన 1952లో పేటెంట్ తీసుకుని, 1957లో డెట్రాయిట్‌లో దుకాణం తెరిచాడు. వదిన మాత్రం కోయనిదే తెచ్చింది. ఎముకతో సహా నాలుగు కిలోలు. ‘అమ్మ అదే తెచ్చేది’ అంది.

పండగ రోజు మధ్యాహ్నం ఓ పాత కార్డు తీసి గట్టు మీద పెట్టింది. వాళ్లమ్మ చేతిరాత. నూనె మరకలు, మధ్యలో ఓ మడత. మొదటి వాక్యమే ఇది: ‘చివర అరచెయ్యంత ముక్క కోసి పక్కన పెట్టు.’

‘ఎందుకట?’ అన్నాన్నేను. వదిన భుజాలెగరేసి, తెలియదంటూ చిన్న గిన్నె కథ చెప్పింది. సరిగ్గా అప్పుడే మంచినీళ్ల కోసం కిందికి దిగిన అమ్మకి అన్నయ్య దాన్ని తెలుగులో చెప్పాడు. అమ్మ మెట్ల దగ్గరే నిలబడి తద్దినం పిల్లి కథ అందుకుంది. అన్నయ్య దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పేలోపే మేం నవ్వడం మొదలుపెట్టాం. వదిన కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ ఇంట్లోకి వెళ్లాక ఆమె అలా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

‘మన ఒవెన్ ఇంత పెద్దది. ఇంకా కోయడం దేనికి?’ అన్నాడు అన్నయ్య. వదిన కార్డు వంక ఓ నిమిషం చూసింది. తర్వాత కత్తి పక్కన పెట్టేసింది.

మిగతాదంతా కార్డులో ఉన్నట్టే చేసింది. పైన ఉన్న కొవ్వు మీద కత్తితో అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టింది. అచ్చం మనం మైసూర్‌పాక్ ముక్కలకి గీతలు గీసినట్టే. గీతలు కలిసిన ప్రతిచోటా ఓ లవంగం గుచ్చింది. లోతైన ట్రేలో కప్పు నీళ్లు పోసి, హామ్ పెట్టి, పైన ఫాయిల్ కప్పి 163 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచింది. కిలోకి దాదాపు నలభై నిమిషాలు. ముందే ఉడికింది కాబట్టి లోపలిదాకా వేడెక్కితే చాలు. మధ్యలో గుచ్చిన థర్మామీటర్ 60 డిగ్రీలు చూపించాలి. అదే ఉడికించని పచ్చి హామ్ అయితే 63 డిగ్రీలు దాటాక, దించి కనీసం మూడు నిమిషాలు ఆగాలి. వేడి సంగతి చూపుకి తెలియదు కాబట్టి థర్మామీటర్ ఉండి తీరాల్సిందే.

ఇక పైపూత. దాన్నే వాళ్లు గ్లేజ్ అంటారు. కప్పు బ్రౌన్ షుగర్, రెండు చెంచాల ఆవపిండి ముద్ద, కొంచెం యాపిల్ వెనిగర్ కలిపి సన్నసెగ మీద పెట్టింది వదిన. వాసన పైకి వెళ్లిందో ఏమో, అమ్మ మళ్లీ కిందికి దిగింది.

‘ఇది బెల్లప్పాకమే కదే!’

నిజమే. బ్రౌన్ షుగర్ రంగూ, రుచీ దాంట్లో ఉన్న మొలాసిస్‌వి. మన బెల్లానికి దగ్గరి చుట్టం. గిన్నెలోది బుడగలొచ్చి పొంగుతుంటే వదిన గరిటె పట్టుకుని బిత్తరపోయి చూస్తోంది. ‘అట్లా వదిలేస్తే ముదురుపాకం అయిపోతుంది. ఇలా తే’ అంటూ గరిటె లాక్కుంది అమ్మ. ‘దాన్ని నేను ముట్టుకోను. పాకం మాత్రం చూస్తా’ అని మాకందరికీ షరతు కూడా పెట్టింది. ఆవగింజ, పులుపు, తీపి, లవంగం. ఇందులో అమ్మకి తెలియనిదేముంది!

పైపూతని మొదటే పులమకూడదు. పంచదార మాడి చేదెక్కుతుంది. ఆఖరి అరగంటలో ఫాయిల్ తీసేసి, వేడి 200 డిగ్రీలకు పెంచి, రెండు విడతలుగా పూయాలి. బయటికి తీశాక చూస్తే పైచెక్కంతా రాగిచెంబులా మెరుస్తోంది. రసం లోపలే ఇంకేలా పావుగంట ఆగి కోయాలి. ఆ పావుగంటలో అమ్మ పులిహోర తాలింపు వేసింది. ఎవరూ అడగలేదు. పైగదికి మాత్రం వెళ్లలేదు. బల్లకి ఆ చివర, తన పళ్లెం తను తెచ్చుకుని కూర్చుంది.

వదిన వాళ్ల నాన్న డెబ్భై దాటిన మనిషి. పొడుగ్గా, తక్కువ మాటలతో ఉంటాడు. హామ్ పళ్లెం ఆయన దాకా వెళ్లింది. ఆయన దాన్ని ఇటోసారి, అటోసారి తిప్పి చూశాడు. ఏమీ వడ్డించుకోకుండా పక్కవాళ్లకి అందించేశాడు. బంగాళదుంపలు, బీన్స్ పెట్టుకున్నాడు.

‘బాగా రాలేదా నాన్నా?’ అంది వదిన.

‘చాలా బాగా వచ్చిందమ్మా. నా ముక్క ఎక్కడుందా అని చూస్తున్నా’ అన్నాడాయన.

‘ఏ ముక్క?’

అప్పుడు చెప్పాడు. ఆయనకి ఇరవై ఏళ్లుగా షుగర్. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలియనిదల్లా, వాళ్లమ్మ హామ్‌కి పైపూత వేయకముందే చివర ముక్క కోసి, ఫాయిల్‌లో చుట్టి అదే ఒవెన్‌లో ఓ మూల పెట్టేదని. వడ్డించేటప్పుడు చిన్న పళ్లెంలో ఆయన పక్కన పెట్టేదట. పండగ పూట పిల్లల ముందు ఆయన్ని రోగిని చేయడం ఆవిడకి ఇష్టం లేదు. అందుకే ఎవరికీ చెప్పలేదు, కార్డులోనూ రాయలేదు.

బల్ల దగ్గర చప్పుడు లేదు. వదిన చేతిలో ఫోర్కు అలాగే ఆగిపోయింది.

అన్నయ్య ఇంకా తెలుగులో చెప్పనేలేదు. ‘షుగర్’ అన్న మాట ఒక్కటి చెవినపడగానే అమ్మకి అర్థమైపోయింది. లేచింది. ‘ఒరేయ్, పైచెక్క తీసేసి లోపల ఎముక పక్కన కొయ్యరా. పాకం అంత లోపలికి దిగదు’ అంది. అన్నయ్య కోశాడు. వంటింట్లోంచి చిన్న పళ్లెం తెచ్చి, ఆ ముక్కలు పెట్టించి, తన చేత్తోనే ఆయన ముందు పెట్టింది.

‘తీసుకోండి అన్నయ్యగారూ.’

ఆయనకి మాట తెలియలేదు. అయినా తలూపి తిన్నాడు.

ఆ రాత్రి పడుకోబోతూ అమ్మ నాతో అంది: ‘పరమాన్నంలో బెల్లం వెయ్యకముందు మీ నాన్నకని ఓ గరిటెడు తీసి పక్కన పెట్టేదాన్ని. పదిహేనేళ్లు పెట్టాను. నీకు తెలుసా?’

తెలియదు. పండగలకి నాన్న మాతోపాటే పరమాన్నం తింటున్నాడనే అనుకున్నాను.

మర్నాడు ఆ ఎముకని ఎండు బఠాణీ పప్పుతో కలిపి సూపు కాచింది వదిన. కార్డు మీద మొదటి వాక్యం పక్కన తన అక్షరాలతో ఓ ముక్క చేర్చింది: ‘నాన్న కోసం. పాకం వేయకముందే.’

ఒక్క మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఊరేసి నిల్వ చేసిన మాంసాలు క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో ప్రకటించింది. హామ్ కూడా ఆ జాబితాలోదే. ఉప్పూ ఎక్కువే. తినేవాళ్లకైనా ఇది ఏడాదికో పండగ వంటే తప్ప రోజూ తినేది కాదు.

ఇంటికొచ్చాక అమ్మ వంటల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. కారణం లేని ప్రతి వాక్యం పక్కనా పెన్సిల్‌తో ఓ గీత పెట్టి, ఒక్కొక్కటే అడిగాను. కొన్నిటికి మంచి కారణాలున్నాయి. కొన్నిటికి అమ్మకే గుర్తులేదు. ‘గోంగూర పచ్చడి శుక్రవారం పెట్టకూడదు’ అని ఓచోట రాసుంది. ముప్ఫై ఏళ్లుగా మా ఇంట్లో ఎవరూ ఆ మాట మీరలేదు. లక్ష్మీదేవికి పూజ చేసే రోజు కదా, ఏదో పట్టింపు ఉంటుందనుకున్నాను.

‘పట్టింపా పాడా! పాతింట్లో ఉన్నప్పుడు శుక్రవారం కుళాయి వచ్చేది కాదు. గోంగూర కడగాలంటే బోలెడు నీళ్లు కావాలి కదే’ అంది అమ్మ.

మొన్న శుక్రవారం పచ్చడి పెట్టాం. బాగానే కుదిరింది.