వద్దన్నా వచ్చే కబుర్లు

బందరు చిలకలపూడిలో కవరింగ్ నగలు చేసే ఇళ్లలో పనిబల్ల మీద, రాళ్ల డబ్బా పక్కన, ఫోను తప్పనిసరి. టైమెంతైందో చూద్దామని బటన్ నొక్కితే అంకెల వెనక ఎవరో సినిమా తార విహారయాత్ర ఫొటో. వేలు పొరపాటున తగిలిందా, కథంతా తెరుచుకుంటుంది. ఖర్చయ్యే డేటా ఫోను కొన్నవాడిది.

గ్లాన్స్ లాంటి లాక్‌స్క్రీన్ కబుర్లు, వార్తల యాప్‌లు, ఆటలు చాలా ఫోన్లలో పెట్టె విప్పకముందే కూర్చుని ఉంటాయి. చవక ఫోను మీద మిగిలేది తక్కువ కాబట్టి ఆ లోటును కంపెనీలు యాప్‌ల వాళ్లిచ్చే సొమ్ముతో, ప్రకటనలతో పూడ్చుకుంటాయి. తీసేద్దామని అదిమిపట్టి చూస్తే కొన్నింటికి ‘అన్‌ఇన్‌స్టాల్’ ఉండదు, ‘డిజేబుల్’ ఒక్కటే. నిద్రపుచ్చగలం గానీ సాగనంపలేం.

చిలకలపూడి బంగారమంటే నవ్వేవాళ్లున్నారు. కానీ అది పూత అని కొనేవాళ్లకు తెలుసు, అమ్మేవాళ్లూ దాచరు. వార్తనూ ప్రకటననూ ఒకే మెరుపుతో చూపించే తెరకు ఆపాటి నిజాయతీ లేదు.

బందరుకు వార్తల రుచి కొత్తదేం కాదు. 1902లో ఇక్కడ పుట్టిన కృష్ణాపత్రికను జనం చందా కట్టి తెప్పించుకున్నారు. ముట్నూరి కృష్ణారావు సంపాదకీయం మింగుడుపడకపోతే చందా మానేసే స్వేచ్ఛ పాఠకుడికి ఉండేది. ఇప్పుడు ఆ స్వేచ్ఛ కోర్టులదాకా వెళ్లింది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసి, ముందే పెట్టిన తన యాప్‌లను వాడకందార్లు తీసేస్తామంటే అడ్డుపడొద్దంది. మరుసటి మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానాను నిలిపింది, ఆ ఆదేశాన్ని మాత్రం కొట్టేసింది!

ముందే ఉన్నదంతా చెత్తేనని కాదు. ఎఫ్ఎం రేడియోను చూడండి. డేటా అక్కర్లేదు, ఇయర్‌ఫోన్ తీగే యాంటెన్నా. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను మరవని దివిసీమలో, నాగాయలంక, కోడూరు వైపు తుపాను రాత్రి సెల్ టవర్ మూగబోతే చెవిలో పలికే ఆకాశవాణి విలువ వేరే చెప్పాలా? అయినా చాలా ఫోన్లలో చిప్ ఉండి కూడా రేడియో పలకదు. పనిచేయకుండా కట్టేశారు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఐటీ శాఖ, విపత్తుల వేళ అక్కరకొస్తుందంటూ, ఆ కట్టు విప్పమని తయారీదార్లకు చెప్పింది. చెప్పింది సలహాగానే.

అడగనివన్నీ నింపి పంపే కంపెనీలకు ఉన్నదాన్ని పలకనివ్వడం పెద్ద ఖర్చేం కాదు. ప్రభుత్వం ఆ సలహాను నిబంధనగా మార్చాలి. తొందరగా మార్చాలి కూడా. ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రమే లేని ఫోన్లు అప్పుడే బందరు సెల్ షాపుల్లోకి వచ్చేశాయి.