గృహవిజ్ఞానము: తెల్లబట్టలు - బ్లీచింగు మందు



తెల్లని పంచె, తెల్లని చొక్కా, మరక లేని దుప్పటి యింటి యిల్లాలి శ్రద్ధకు గుర్తులని లోకము తలంచుచుండును. ఆ మెప్పునకు ఆశపడియే మనము బ్లీచింగు మందు సీసాను చేతబట్టుచున్నాము. సబ్బువలె అదియు సాధువస్తువే యని నేనును చాలకాలము నమ్మితిని. సంక్రాంతి పండుగకు ముందు మా యింట జరిగిన సంగతి ఆ భ్రమను పోగొట్టినది.

ఆ దినమున స్నానపుగదిలో ఒక బకెట్టునిండ మందు కలిపి మావారి పంచెలు నానవేసితిని. మాకు సాయము చేయు నామె పంచెలు తీసి, ఆ నీటిని వృథాచేయనేల యని, అప్పుడే యాసిడ్ చల్లిన నేలపై కుమ్మరించినది. క్షణములో ఘాటైన పొగ యెగసినది. ఆమె కన్నీరు కార్చుచు, "అమ్మగారూ, ఊపిరాడటంలేదు" అని గడపకడ కూలబడినది. చేయిపట్టి పెరటిలోనికి తెచ్చి గాలికి కూర్చుండబెట్టి, పిమ్మట ఆసుపత్రికి గొనిపోతిమి. సాయంకాలమునకు తేరుకొనినది. తప్పు ఆమెది కాదు. ఆ రెండును కలుపరాదని నేనామెకు చెప్పలేదు. చెప్పుటకు నాకే తెలియదు.

ఆ పొగ క్లోరిను వాయువు. 1774లో షీలే అను స్వీడను దేశపు రసాయనవేత్త దీనిని మొదట తయారుచేసెను. ఇది రంగులను హరించునని గ్రహించి ఫ్రాన్సు దేశపు బెర్తొలే బట్టలను తెల్లపరచుటకు వినియోగించెను. 1799లో గ్లాస్గో నగరమున టెనెంటు అనునతడు తడిపి పొడిచేసిన సున్నమునకు ఈ వాయువును పట్టించి, బ్లీచింగు పొడికి హక్కుపత్రము పొందెను. పిడుగురాళ్ల సున్నపుబట్టీలు ఎరిగిన మనకు ఆ సున్నము క్రొత్తది కాదు. దానిలో దాగిన వాయువే క్రొత్తది. సీసాలో వచ్చు మందులో అదే క్లోరిను కాస్టిక్ సోడాతో కలిసియుండును. పులుపు తగిలినంతనే అది బయటపడును. 1915 ఏప్రిల్ 22వ తేదీన ఈప్రెస్ యుద్ధరంగమున సైనికులపై వదలినది ఈ వాయువునే. కావున యాసిడ్, వెనిగరు, నిమ్మరసము, చింతపండు రసము దీని దరికి రానీయరాదు. అమ్మోనియా గల మందులతో కలిపినను విషవాయువులు పుట్టును.

ఇక ఉతుకు విధానము. ముందుగా బట్టలను సబ్బుతో ఉతికి జాడింపవలెను. మురికి యున్నచో మందు దానిమీదనే వ్యయమగును. ప్లాస్టిక్ బకెట్టులో చన్నీరు పోసి, మందు కలిపి, ఆ తరువాతనే బట్టలు వేయవలెను. ఇత్తడి, ఇనుప పాత్రలు పనికిరావు. వేడినీరు వాడరాదు. సీసాపై ముద్రించిన కొలతయే ప్రమాణము; అది చెరగిపోయినచో 5 లీటర్ల నీటికి రెండు పెద్ద చెంచాలను మించనీయకుడు. పది పదిహేను నిమిషములు చాలును. రాత్రియంతయు నాననిచ్చిన నూలుపోగు చివికి, పంచె రెండు ఉతుకులకే చిరుగును. పిమ్మట మూడుమార్లు మంచినీట జాడింపుడు. పొడి వాడువారు దానిని నీట కలిపి, తేరిన పైనీటిని మాత్రమే వంచుకొనవలెను. పలుకులు బట్టపై పడినచోట చిల్లులు పడును. పట్టు, ఉన్ని బట్టలకు ఈ మందు తగిలింపనే కూడదు, అవి పాడైపోవును. చేతులకు రబ్బరు తొడుగులు, గదికి తెరచిన కిటికీలు అత్యవసరములు.

మన పల్నాటి వారు తెలిసికొనవలసిన మరియొక సంగతి కలదు. మనది సున్నపురాతి నేల. మాచర్ల, పిడుగురాళ్ల ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు వెలసినది ఈ రాతివలననే. ఇట్టి నేలలోని బోరునీటిలో సున్నపుపాలు మెండు. అది సబ్బుతో కూడి జిగటగా బట్టకు పట్టి, తెలుపును బూడిదవన్నెకు మార్చును. ఆ నలుపునకు ఎంత మందు పోసినను ఫలము లేదు. ఉతుకుటకు ముందు బకెట్టు నీటిలో రెండు చెంచాల చాకలిసోడా కరగించి, కొంతసేపు ఉంచి, ఆ నీటితో సబ్బు పెట్టినచో ఆ జిగట తగ్గును. నీటిలో ఇనుము ఉన్నచో బ్లీచింగు మందు తుప్పుమరకలనే తెచ్చును. మన యెండ మాత్రము ఏ ఖర్చు లేకుండ తెల్లపరచుచునే యున్నది.

సీసాను బిడ్డలకు అందని చీకటి తావున, దాని సొంత సీసాలోనే ఉంచుడు. త్రాగునీటి సీసాలలోనికి ఎన్నడును వంపకుడు. ఎవరైన మ్రింగినచో వాంతి చేయింపరాదు. నోరు కడిగి, ఆ సీసాతోకూడ వెంటనే వైద్యునికడకు గొనిపోవలెను. కంట పడినచో పదిహేను నిమిషములు ధారగా నీరు పోసి, పిదప చూపింపవలెను. పొగ యెగసినచో అన్నియు వదలి ముందు గది వెలుపలికి పోవలెను.

సోదరీమణులారా, మన యింటి బట్టలను ఎవరు ఉతుకుచున్నను, ఈ మాటలను వారికి నోటితో చెప్పుడు. సీసామీది అక్షరములు చదువరాని వారికి మన మాటయే హెచ్చరిక. ఇప్పుడు మా స్నానపుగదిలో యాసిడ్ సీసా లేదు. మావారి పంచె పూర్వమంత తెల్లగా లేదు. దానిని ఉతుకు నామె మాత్రము దగ్గక ఇంటికి పోవుచున్నది.