నాలుగు హద్దులూ రాయించారు, అమ్మని రాయించారా?

రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కబోతున్న అన్నయ్యగారూ, అక్కయ్యగారూ! ఐదు నిమిషాలు ఆగండి. ఇల్లు పిల్లల పేర రాయొద్దని చెప్పడానికి రాలేదు. రాసేదేదో ఒక్క వాక్యం ఎక్కువ రాయించుకోండని చెప్పడానికే ఈ కరపత్రం వేశాం.

మా పెద్దక్కకి 74 ఏళ్ళు. సత్యనారాయణపురంలో చిన్న పెంకుటిల్లు ఉండేది. బావగారు పోయిన ఏడాదికే కొడుకు పేర దఖలు దస్తావేజు రాసిచ్చేసింది. మొన్న ఆ దస్తావేజు జిరాక్సు చేతికొస్తే మొదటి నుంచి చివరిదాకా చదివాను. తూర్పున ఫలానావారి ప్రహరీ, పడమర మునిసిపల్ రోడ్డు, ఉత్తరాన నడిచే సందు. కరెంటు మీటరు నంబరుంది. కొళాయి ఉంది. పెరట్లో కొబ్బరిచెట్లు రెండూ ఉన్నాయి. ‘ప్రేమాభిమానములచేత’ అన్న మాట రెండు చోట్ల ఉంది. అక్క ఆ ఇంట్లోనే ఉంటుందని గానీ, ఆవిడకి అన్నం ఎవరు పెడతారని గానీ ఒక్క ముక్క లేదు. ఇప్పుడా స్థలంలో అపార్ట్‌మెంటు లేచింది. అక్క మా ఇంట్లో ఉంటోంది. తాళంచెవుల గుత్తి మాత్రం ఇంకా బొడ్లోనే దోపుకుంటుంది. ఆ తాళాలు పట్టే తలుపులు ఎప్పుడో పాతసామాన్లవాడి బండెక్కాయి.

మేనల్లుణ్ణి బజారుకీడ్చాలని ఇది రాయడం లేదు. వాడి అప్పులు వాడివి, వాడి పిల్లల ఫీజులు వాడివి. రేపు వాడి కొడుకు దగ్గర వాడి గతేమిటన్నదే నా బెంగ.

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. అందులో 23వ సెక్షను మన కోసమే. 60 నిండినవాళ్ళు తమని చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్ళు చూడకపోతే, ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. మెలికంతా ‘షరతు’ దగ్గరే ఉంది. చూడటం లేదని చెప్పుకుంటే చాలదు, ఆ షరతు మీదే ఇచ్చామని తేలాలి అని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరి 2న అదే కోర్టు మధ్యప్రదేశ్‌లో ఒక తల్లికి, కొడుక్కి దానమిచ్చిన ఆస్తిని తిరిగి ఇప్పించింది. చూసుకోవాలన్న మాట రాసిన కాగితం ఆవిడ దగ్గర ఉంది. మా అక్క దగ్గర కొబ్బరిచెట్ల లెక్క ఉంది.

“కన్నకొడుకు దగ్గర కాగితమా? నలుగురూ ఏమనుకుంటారు?” అని మీరు అంటారని తెలుసు. అక్కా అదే అంది. ఏవండీ, పెళ్ళి మాటలప్పుడు ఎన్ని ఎకరాలు, ఎన్ని సెంట్లు, ఎన్ని కాసులు అని లెక్క కట్టి కాగితం మీద పెట్టినప్పుడు ఈ మొహమాటం ఏ గదిలో పడుకుంది? (కట్నం 1961 నుంచి నేరమే, ఆ సంగతి ఇంకో కరపత్రంలో.)

“మా రోజుల్లో పెద్దలంటే గౌరవం” అని రావిచెట్టు కింద రోజూ వింటాను. నిజమే, ఉండేది. పొలం కూడా ఆ పెద్దాయన పేరనే ఉండేది! తాతగారు అరుగు మీద దగ్గితే ఇల్లంతా సర్దుకునేదంటే అందులో భక్తి ఎంతో, పాస్‌బుక్కు ఎంతో ఎవరు తూచారు? ఆ పొలం అమ్మి పిల్లల్ని అమెరికా పంపింది మనమే. పంపినన్నాళ్ళూ గర్వంగా చెప్పుకున్నాం. ఇప్పుడు వాళ్ళు రావడం లేదని ఏడవడంలో సగం న్యాయమే ఉంది.

మన ఆంధ్రప్రదేశ్ సర్కారువారి లెక్కలు మాత్రం నిలకడగా ఉన్నాయా? 1983లో ఉద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి దించారు. ఇప్పుడది 62. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడొద్దని 1994లో చట్టం తెచ్చారు. 2024లో దాన్ని ఎత్తేసి, ఇంకా కనండంటున్నారు. మన రాష్ట్రంలో ఒక ఆడమనిషికి సగటున పుట్టే పిల్లలు 2019-21 సర్వేలో 1.7. మా నాన్నగారి మంచం మేం నలుగురం మోశాం. నా మంచం ఒక్కడు మొయ్యాలి, అదీ డాలస్ నుంచి.

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ మాట మీ నోటి నుంచే రావాలి. “అమ్మా, షరతు రాయించు” అని మీరంటే ఆవిడకి సిగ్గుండదు, మీకూ నింద ఉండదు. ఆడపిల్లలూ వినండి. ఉమ్మడి ఆస్తిలో మీకు సమాన వాటా మన రాష్ట్రం 1985లోనే ఇచ్చింది. ఇందాకటి 2007 చట్టంలో ‘పిల్లలు’ అంటే కూతురూ, మనవలూ కూడా.

దస్తావేజు రాసేవారికి ఈ ముక్క చూపించండి:

“నా జీవితాంతము నాకు తిండి, బట్ట, వసతి, వైద్యము, సంరక్షణ జరుపవలెనను షరతు మీద ఈ ఆస్తిని మీకు దఖలు పరచడమైనది. షరతు తప్పినచో ఈ దస్తావేజు రద్దు చేయించి ఆస్తిని తిరిగి పొందుటకు నాకు సర్వహక్కులు కలవు.”

“ఇవన్నీ ఎందుకండీ, మామూలు నమూనా ఉందిగా” అని ఆయనంటే కదలకండి, ఫీజు ఇచ్చేది మీరే. ఇంట్లో ఉండే హక్కు బతికున్నంతకాలం అట్టేపెట్టుకుంటున్నానని కూడా వేయించండి. తొందర లేకపోతే వీలునామాతో సరిపెట్టండి, మనసు మారితే అది మార్చుకోవచ్చు.

ఇప్పటికే రాసేసినవాళ్ళు చేతులు ముడుచుకోవద్దు. షరతు లేకపోయినా పోషణ అడిగే హక్కు పోదు. ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌లో లాయరు లేకుండా మీరే అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చు, 90 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది. ఎలా మొదలెట్టాలో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోను చెయ్యండి, డబ్బు పడదు.

ఈ ఆదివారం పొద్దున్న ఏడింటికి మా వీధి చివర రావిచెట్టు అరుగు మీద కూర్చుంటున్నాం. మీ దస్తావేజు తెచ్చుకోండి, కలిసి చదువుదాం. ఒరిజినల్ వద్దు, జిరాక్సు చాలు. కొడుకులూ కోడళ్ళూ కూతుళ్ళూ అల్లుళ్ళూ రావచ్చు. కాఫీ మా ఇంటి నుంచి. కళ్ళజోడు మాత్రం మర్చిపోకండి, దస్తావేజుల్లో అక్షరాలు మరీ చిన్నవి.

— సత్యనారాయణపురం వీధివాళ్ళం కొందరం