బండి బాగానే ఉందిట!

మన ఇళ్ళలో పాత కారు గురించి తీర్పు చెప్పేది ఎప్పుడూ ఆ కారులో తక్కువగా తిరిగే మనిషే. గమనించారా? మా వారు ఆఫీసుకి మెట్రోలో వెళ్ళొస్తారు. ఆదివారం, అదీ శనివారం మెకానిక్ చెయ్యి పడ్డాక, ఓ గంట నడిపి, "బండి బాగానే ఉందిగా, దీనికేమైంది?" అంటారు. సోమ, బుధ, శుక్రవారాల్లో దానికేమవుతుందో నాకు తెలుసు, మా అత్తయ్యగారికి తెలుసు.

ఆవిడకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉదయం ఆరున్నరకి స్లాటు. మనం ఆలస్యంగా వెళ్తే మన తర్వాతవాళ్ళ టైము ఆగదు, ఆవిడ నాలుగు గంటల్లోనే కోత పడుతుంది. ఐదుంపావుకి కిందకి దిగి తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోదు. వాచ్‌మన్ వెనక నుంచి తోస్తుంటాడు, ఆవిడ లోపల కూర్చుని "నా వల్లే నీకీ తిప్పలమ్మా" అంటుంటారు. క్యాబ్ బుక్ చేసుకోవచ్చు కదా అంటారు కొందరు. చేసుకుంటున్నాం, రెండు క్యాన్సిల్ అయ్యాక మూడోది వస్తుంది. అలాంటప్పుడు గుమ్మం ముందు కారెందుకు, ముగ్గు వెయ్యడానికి అడ్డం కాకపోతే?

సరే, డబ్బు సంగతి. "పాత బండికి ఖర్చేముంది, ఈఎంఐ లేదు కదా" అనేది రెండో మాట. నా పద్దుల పుస్తకంలో పోయిన ఏడాది లెక్క ఇదీ: క్లచ్ ప్లేటు 9,500, రేడియేటరు 6,200, బ్యాటరీ 4,800, సెల్ఫ్ మోటారు 3,500, ఏసీ 14,000, రెండుసార్లు లాక్కెళ్ళినందుకు 3,000. మొత్తం 41,000. అమ్మితే 55,000 ఇస్తామన్నారు. మాది 2010 బండి కాబట్టి పదిహేనేళ్ళు నిండాయి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. 600 ఉన్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. కట్టినా ఐదేళ్ళకే. మెకానిక్ మాత్రం "ఇంజను కండిషన్లో ఉందమ్మా" అంటాడు. ఎందుకనడు పాపం, నెలనెలా జీతం మనమే ఇస్తున్నాం కదా!

ఇక మూడోది, సెంటిమెంటు. పాపని హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చిన కారుట. ఆ పాప ఇప్పుడు పదో తరగతి, పక్క గదిలోనే ఉంది, వెళ్ళి చూసుకోవచ్చు. మా అమ్మ సారెతో ఇచ్చిన గ్రైండరుని పాత సామాన్లవాడికి వేసినప్పుడు ఈ ఇంట్లో ఎవరికీ ఏ జ్ఞాపకమూ అడ్డం రాలేదు మరి. ఫోను రెండేళ్ళకోసారి మారుస్తారు, దానికీ సెంటిమెంటు ఉండదు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే విషయం వేరే ఉంది. మన దేశంలో కార్లలో డ్రైవరు సీటుకి ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేసింది 2019 జూలై నుంచి. పక్క సీటుకి? కొత్త మోడళ్ళకి 2021 ఏప్రిల్ నుంచి, అప్పటికే మార్కెట్లో ఉన్న మోడళ్ళకి గడువు మీద గడువు ఇచ్చి 2022 జనవరి నుంచి. అంటే రెండున్నరేళ్ళ తేడా. ఆ పక్క సీట్లో కూర్చునేది ఎవరో మీకు నేను చెప్పాలా? ఊరెళ్ళేటప్పుడు నేను. మిగతా రోజుల్లో అత్తయ్యగారు, మోకాళ్ళ వల్ల వెనక సీట్లోకి ఎక్కలేరు కాబట్టి. మా బండిలో రెండు సీట్లకీ లేదు. విజయవాడ హైవే మీద లారీల మధ్య నూరు స్పీడులో పోతూ "బాగానే ఉంది" అంటే, ఎవరికి బాగుందండీ?

అలాగని మా మరిది చెప్పినట్టు ఏడేళ్ళ లోను పెట్టి ఏనుగంత బండి తెమ్మని కాదు. ఎనభై నాలుగు వాయిదాలు! పిల్ల ఇంటరూ ఇంజనీరింగూ అన్నీ ఆ ఏడేళ్ళలోనే. కొత్త కారు షోరూమ్ గేటు దాటగానే విలువ పడిపోతుంది, ఆ పడేదేదో మొదటి ఓనరు ఖాతాలోనే పడనివ్వండి. నేనడిగేది 2022 జనవరి తర్వాత తయారైన చిన్న బండి, సర్వీసు కాగితాలతో. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. అలాంటివి శుభ్రంగా కడిగేసి ఎక్కడైనా అమ్మొచ్చు. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరకలున్నాయేమో చూడండి, కార్పెట్ ఎత్తి వాసన చూడండి. పప్పులో పురుగుందో లేదో చూసే చేతులకి ఇదేం పెద్ద విద్య కాదు. ఓనరు బ్యాంకు లోను తీర్చేసి ఉంటే ఆ ఎన్‌వోసీ, ఫారం 29, ఫారం 30 చేతికి వచ్చాకే డబ్బు పూర్తిగా ఇవ్వండి.

ఇంతా ఒప్పించాక ఇప్పుడు కొత్త ఆలోచన బయల్దేరింది. పాత బండిని మరిదిగారబ్బాయికి డ్రైవింగు నేర్చుకోవడానికి ఇద్దామట! పదిహేనేళ్ళు నడిపిన నాకే ఎప్పుడు ఆగుతుందో తెలియని బండిని, క్లచ్చు బ్రేకు ఏదో ఇంకా తడుముకునే పిల్లాడి చేతిలో పెడతారా? వీల్లేదన్నాను. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాప్ కేంద్రానికి ఇస్తున్నాం. వాళ్ళిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకుని, ఆర్‌సీ రద్దయిందో లేదో మా వారే ఆర్టీఏ ఆఫీసుకి వెళ్ళి కనుక్కుని రావాలి.