మంచులో ఒక్క మనిషి

అమెరికన్ రచయిత జాక్ లండన్ 1902లో బాలల పత్రికకు రాసిన ‘టు బిల్డ్ ఎ ఫైర్’ కథలో నాయకుడికి టామ్ విన్సెంట్ అనే పేరుంది, వెంట కుక్క లేదు, చివరకు అతడు చలి నుంచి ప్రాణాలతో బయటపడతాడు. అదే పేరుతో 1908లో తిరగరాసిన కథలో మాత్రం పేరు పోయింది, కుక్క వచ్చి చేరింది, మనిషి చనిపోయాడు. 1897లో బంగారం వేటకు కెనడాలోని క్లాండైక్ వెళ్లి అక్కడి చలికాలం గడిపిన రచయిత చేసిన ఈ మార్పులే కథకు నాటకీయతనిచ్చాయి. పక్కనే ఒక ప్రాణి నడుస్తున్నా మాట కలిపే తోడు లేకపోవడం నిర్జనత్వం కన్నా తీవ్రమైన ఒంటరితనం. పైగా కుక్క ఒంటితో పసిగట్టిన ప్రమాదాన్ని మనిషి ఒక అంకెగా మాత్రమే తీసుకుంటాడు.

ఆ అంకె సున్నాకు దిగువన 75 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 59 డిగ్రీల సెల్సియస్. కాళ్లు తడిసిన ఆ మనిషి స్ప్రూస్ చెట్టు కింద మంట వేసుకుంటే, పుల్ల లాగినప్పుడల్లా కదిలిన కొమ్మల మీది మంచు ఒక్కసారిగా జారి దాన్ని ఆర్పేస్తుంది. వేళ్లు కొయ్యబారాక రెండు అరచేతుల మధ్య 70 అగ్గిపుల్లలను ఒకేసారి వెలిగించి పట్టుకుంటాడు, చర్మం కాలుతున్న సంగతి వాసనను బట్టి గ్రహిస్తాడు.

ఒక పగలు, ఒక బాట, ఒక పని మాత్రమే ఉన్న ఈ కథ లఘుచిత్రానికి సహజంగా ఒదుగుతుంది. ఫ్రెంచ్ దర్శకుడు క్లాడ్ ఒటాన్-లారా దీన్ని చిత్రించి 1930లో పారిస్‌లో ప్రదర్శించినప్పుడు హెన్రీ క్రేతియాన్ రూపొందించిన అనామార్ఫిక్ కటకాన్ని, అంటే విశాలమైన దృశ్యాన్ని ఫిల్ముపై నొక్కి ఇమిడ్చి తెరపై మళ్లీ పరిచే కటకాన్ని, వాడాడు. ఆ పద్ధతే 1953లో హాలీవుడ్‌లో సినిమాస్కోప్‌గా స్థిరపడి, 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగు తెరకు చేరింది. జనసమూహాలకూ పోరాటాలకూ తగినదని పేరుపడిన వెడల్పు తెరను ఈ కటకంతో మొదట వినియోగించుకున్నది, మంచులో చిక్కిన ఒక్క మనిషి కథే.

ఒంటరితనం అనగానే కిటికీ పక్కన మౌనంగా కూర్చున్న పాత్రనూ, నేపథ్యంలో విషాద సంగీతాన్నీ ఆశ్రయించే తెలుగు లఘుచిత్రకారులు ఈ కథను శ్రద్ధగా చదవాలి. పాత్ర దుఃఖాన్ని వివరించడం మాని, దాని చేతికి తప్పనిసరిగా పూర్తి చేయవలసిన ఒక పనిని అప్పగించాలి; సాయం పట్టే మరో చెయ్యి లేదన్న సంగతి ఆ పని జరిగే తీరులోనే ప్రేక్షకుడికి తెలిసిపోతుంది.